గుర్తు తెలియని వాహనం

పొద్దున పేపరు రాగానే మావారు మొదటి పేజీ లాక్కుంటారు. నాకు జిల్లా పేజీ చాలు. అందులోనూ పెద్ద ఫొటోలూ ప్రారంభోత్సవాలూ కాదు, అడుగున మూలన ఇరికించిన చిన్న వార్తలు. ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి.’ నాలుగు వాక్యాలుంటాయి. ఊరు, వయసు, ఎటు వెళ్తూ ఎక్కడ పడ్డాడు, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. అంతే. ఆ వార్తకి రెండో భాగం ఏ పేపర్లోనూ రాదు.

మొన్న జూన్‌లో రిటైరయ్యాను. ఉద్యోగం వదిలింది గానీ ఈ అలవాటు వదల్లేదు. వార్త చదవగానే బుర్రలో ఫైలు తెరుచుకుంటుంది. ఏ స్టేషను పరిధి? 108లో తెచ్చారా, ఆటోలోనా? క్యాజువాలిటీలో ఎవరు ఏం చెప్పి ఉంటారు? భార్య పేరు ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఒకలా ఉందేమో? కాఫీ చల్లారిపోతోందని మావారు గుర్తు చేస్తారు.

రెవెన్యూలో ముప్పై మూడేళ్లు చేశాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగాను. రెవెన్యూ అంటే జనానికి పట్టాదారు పాసు పుస్తకాలూ, కులం సర్టిఫికెట్లూ, సర్వే రాళ్లూ. నేను కూడా చాలాకాలం అదే లోకంలో ఉన్నాను. చివరి మూడేళ్లు మాత్రం నా బల్ల మీద మిగతా వాటితో పాటు ‘హిట్ అండ్ రన్’ అని రాసిన ఫైళ్లు ఉండేవి. బండి గుద్ది వెళ్లిపోతుంది, ఎవరిదో తెలియదు, మనిషి పోతాడు లేదా కాలో చెయ్యో పోతుంది. అలాంటి కేసులో ప్రభుత్వం ఇచ్చే పరిహారానికి విచారణ చేసేది పోలీసు కాదు, బీమా కంపెనీ కాదు, రెవెన్యూ అధికారి. పథకంలో ఆ అధికారికి క్లెయిమ్స్ ఎంక్వైరీ ఆఫీసర్ అని ఘనమైన పేరు పెట్టారు. ఆర్డీవో గానీ తహసీల్దారు గానీ ఆ కుర్చీలో ఉంటారు. సంతకం వాళ్లది, తిరుగుడు మాది.

ఆ సర్క్యులరు మా ఆఫీసుకు వచ్చిన ముహూర్తం చెప్పాలి. కొత్త పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు వచ్చాయి. మా గుంటూరు మూడు ముక్కలైంది. పల్నాడు వాటా నరసరావుపేటకి, ఇంకో వాటా బాపట్లకి. బీరువాలు లారీలెక్కుతున్నాయి. ఎవరి కుర్చీ ఎక్కడో ఎవరికీ తెలియదు. ఆ గందరగోళంలో ఎవరో ఒక కాగితం నా చేతిలో పెట్టి, ‘మేడం, ఇది ఏ సెక్షనో తెలియడం లేదు, మీరు ఉంచుకోండి’ అన్నారు. ఉంచుకున్నాను. అలా దక్కింది నాకీ పని.

చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అంతకుముందు 25 వేలు, 12,500 ఉండేవి. ఆ 25 వేలు 1994 నుంచి ఉన్న అంకె. దానికి ముందు 8,500. అంటే ఇరవై ఎనిమిదేళ్లు ఒకటే రేటు. ఆ మధ్యలో మాకెన్ని పీఆర్సీలు వచ్చాయో, వాటి కోసం ఎన్ని ధర్నాలు చేశామో నాకు తెలుసు. రోడ్డు మీద పోయినవాళ్లకి యూనియన్ లేదు.

ఇంకో రెండంకెలు చెప్పి లెక్కలు ఆపేస్తాను. 2022లో దేశంలో ఇలా గుద్ది పారిపోయిన ప్రమాదాల్లో 30,486 మంది చనిపోయారు. 2022-23లో ఈ పరిహారానికి దేశం మొత్తం మీద వచ్చిన దరఖాస్తులు 205. వాటిలో తేలినవి 95. ఇది సుప్రీంకోర్టు 2024 జనవరిలో తన తీర్పులో ఎత్తి చూపిన సంగతి. ఆ 205లో మా ఆఫీసువి రెండున్నాయి. రెండే.

అందులో ఒకటి యార్డు ఆమెది.

భర్త గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీ. సీజన్‌లో యార్డు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున వేలం, మధ్యాహ్నం కాటా, సాయంత్రం నుంచి లోడింగు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వీపు మీద మోసి మోసి రాత్రి ఎప్పుడో బయటపడతారు. 2023 మార్చిలో ఒక రాత్రి సైకిలు మీద ఇంటికి పోతూ ఏటుకూరు బైపాస్ దాటాక పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి.

ఫైలు నా దగ్గరకు వచ్చేసరికి మా జూనియర్ అసిస్టెంటు నోటు రాసి పెట్టాడు. కుర్రాడు తెలివైనవాడు, తప్పుపట్టను. ఎఫ్‌ఐఆర్‌లో ‘గుర్తు తెలియని లారీ’ అని ఉంది. ఫిర్యాదు ఇచ్చింది చనిపోయినతని అన్న. ఆ అన్న అక్కడ లేడు. మరి లారీ అని ఎలా తెలుసు? రెండోది, ఆసుపత్రి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టరు నకలు. మనిషిని తెచ్చిన వెంటనే డ్యూటీ డాక్టరు రాసే మొదటి మాట అది, దానికి విలువ ఎక్కువ. అందులో ఇంగ్లీషులో స్పష్టంగా ‘సెల్ఫ్ ఫాల్ ఫ్రమ్ సైకిల్’ అని ఉంది. సైకిలు మీద నుంచి తనకు తానే పడ్డాడు. ఇక పోస్టుమార్టంలో తలకు దెబ్బ తగిలి మరణం అని రాశారు. తల దేనికైనా పగులుతుంది, అది ఎటూ తేల్చదు. ‘వాహనం ఢీకొన్నట్టు నిర్ధారణ కాలేదు, క్లెయిము తిరస్కరించవచ్చు’ అని మావాడి ముగింపు. చదివాను. సబబుగానే ఉందనిపించింది. ఇనీషియల్ వేయడానికి పెన్ను తీశాను కూడా. మధ్యలో ఎవరో పిలిస్తే ఫైలు మూసి వెళ్లాను. ఆ పిలిచిన మనిషికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఎందుకు అనుమానపడతారమ్మా, పోయిన ప్రాణం పోయింది కదా, ఇచ్చేయొచ్చుగా అని మా అక్క అడుగుతుండేది. అక్కా, అందరూ నిజమే చెప్పరు. తాగి కల్వర్టు మీద నుంచి బండితో సహా కిందికి దూకిన కుర్రాణ్ణి లారీ గుద్దిందని ఊరు ఊరంతా ఒకే మాట చెప్పిన కేసు చూశాను. ఒకే మాట అంటే ఒకే మాట. ‘పది గంటల ఇరవై నిమిషాలకు’ అని ఏడుగురు చెప్పారు. చేలో పనిచేసుకునేవాళ్లు ఏడుగురు పది ఇరవై అని చెప్పారంటే ఎవరో కూర్చోబెట్టి నేర్పినట్టే. బండి ముందు చక్రం తప్ప ఎక్కడా గీత లేదు. తిరస్కరించమని రాశాను. వాళ్లమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏమీ అనకుండా గంటసేపు నన్ను చూసింది. రూలు ప్రకారం నేను చేసింది సరైనదే. ఆ గంట మాత్రం నన్ను వదలదు.

సరే, యార్డు ఆమె. సోమవారం అర్జీలు తీసుకునే స్పందన కార్యక్రమానికి వచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు, దాన్నిండా కాగితాలు. సాధారణంగా ఈ కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఏడుస్తూ, కథ మొదటి నుంచి చెబుతారు. ఈమె కవరు తెరవలేదు.

‘మీరు సైకిలు చూశారా అమ్మా?’ అంది.

‘ఏ సైకిలు?’

‘మా ఆయన సైకిలు. స్టేషన్లో ఉంది. అందరూ కాయితాలే చూత్తన్నారు.’

నిజం చెబుతున్నాను, నాకు కోపం వచ్చింది. నా పని నాకు చెబుతోందే అని. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే ఆ మాటే తిరిగి తిరిగి గుర్తొచ్చింది. వీఆర్వోని వెంటబెట్టుకుని స్కూటీ మీద స్టేషనుకి వెళ్లాను.

ఏ స్టేషను వెనక చూసినా ఒకటే దృశ్యం. కేసుల్లో పట్టుకున్న బండ్లు ఒకదాని మీద ఒకటి, టైర్లు దిగిపోయి, సీట్లు చిరిగి. స్టేషను రైటరు ఒక కుర్రాణ్ణి పంపాడు. రెండు మోపెడ్లూ ఒక బుల్లెట్టూ పక్కకి లాగితే గోడ వారగా దొరికింది. హ్యాండిలుకి తాడుతో అట్టముక్క కట్టి ఉంది, దాని మీద క్రైం నంబరు.

నల్ల సైకిలు, పాతది. ముందు నుంచి చూస్తే ఏమీ కాలేదు. హ్యాండిలు తిన్నగా ఉంది. బెల్లు మోగుతోంది. రెండు పెడళ్లూ తిరుగుతున్నాయి. చెయిన్ కవరు మీద కొత్త గీతలు లేవు. వెనక్కి వచ్చాను. చక్రం మడతపడి ఉంది. వంగడం కాదు, చేత్తో నొక్కిన అప్పడంలా మధ్యకి మడిచినట్టు. మడ్‌గార్డు నొక్కుకుపోయి టైరులోకి దిగింది. క్యారేజీ కుడివైపు కాడ విరిగింది. విరిగిన చోటుకి కాస్త పైన, వేలెడు పొడవున ఆకుపచ్చ రంగు పెచ్చు అంటుకుని ఉంది. సైకిలు మొత్తం మీద ఆకుపచ్చ ఇంకెక్కడా లేదు.

క్యారేజీ మీద మడతపెట్టిన గోనె సంచి తాడుతో కట్టి ఉంది. దాన్ని పైకెత్తి కింద చూశాను. ఆ చెయ్యి మర్చిపోయి కంటికి తగిలింది. అంతే. పది నిమిషాలు కుళాయి దగ్గర కళ్లు కడుక్కున్నాను. మనిషి పోయి ఎన్ని వారాలైనా ఆ గోనెలో మిరప ఘాటు అలాగే ఉంది. వీఆర్వో తుమ్ములు ఆపుకోలేక స్టేషను బయటికి పోయాడు. రైటరు నవ్వాడు, తర్వాత ఎందుకో నవ్వు ఆపేశాడు.

నాకు సైకిలు గురించి ఏం తెలుసు? స్టేషను ఎదురు సందులో సైకిలు షాపు ఉంది. అరవై దాటిన మనిషి, చేతులు ఎప్పటికీ నల్లగానే ఉంటాయి కాబోలు. రైటరుని బతిమాలి ఆయన్ని లోపలికి పిలిపించాను. ఆయన సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, కింద కూర్చుని, చక్రం మీద చెయ్యి వేశాడు.

‘పడితే హ్యాండిలు తిరుగుద్ది మేడం. పెడలు వంగుద్ది. మోకాలు పగుల్తది. ఎనక చక్రం ఇట్టా ఎందుకు మడవద్ది? ఎనకమాల నుంచి ఏదో తోసింది. పెద్దదే.’

‘రాసిస్తారా బాబాయ్?’

‘నాకు రాయటం రాదు. నువ్వు రాసుకో, సంతకం పెడతా.’

రాశాను. పెట్టాడు. ఫొటోలు తీశాను, రంగు పెచ్చు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచాను. అయినా చాలదు. ఆసుపత్రి రిజిస్టరు ‘సెల్ఫ్ ఫాల్’ అంటుంటే, సైకిలు షాపు ఆయన ‘కాదు’ అన్నాడని పైఅధికారి ముందు పెడితే నవ్విపోతారు. ఆ మాట రిజిస్టరులోకి ఎలా ఎక్కిందో తెలియాలి.

రిజిస్టరులో ‘తీసుకువచ్చినవారు’ అని ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. అందులో పేరు, పక్కన ‘ఆటో’ అని ఉంది. ఊరిపేరు సగమే రాశారు. రెండు రోజులు ఆటో స్టాండ్ల చుట్టూ తిరిగాం. మూడో స్టాండులో దొరికాడు. మమ్మల్ని చూడగానే ఆటో స్టార్ట్ చేశాడు. వీఆర్వో తాళం తీసి జేబులో వేసుకున్నాడు. అది సరైన పద్ధతి కాదు గానీ ఆ రోజు నేను చూడనట్టు ఊరుకున్నాను.

‘నేనేం చూడలేదు మేడం. ఆఖరి ట్రిప్పు ఏసుకుని ఇంటికి పోతన్నా. రోడ్డు పక్కన పడున్నాడు. ఇంకొకాయన ఉంటే ఇద్దరం కలిసి ఆటోలో ఏశాం.’

‘ఆసుపత్రిలో ఏమని చెప్పావు?’

‘ఏంటయ్యా, ఏమైంది అని అడిగారు. ఎవురో తెలవదు సార్, సైకిలు మీద పోయేవోడు, పడున్నాడు, తీసుకొచ్చా అని చెప్పా. నా పేరు రాసుకుని పొమ్మన్నారు, వచ్చేశా.’

పడున్నాడు.

పడి ఉన్నాడు అన్నాడు ఇతను. రాత్రిపూట, పక్కన ఇంకో నలుగురు మూలుగుతుంటే, ఆ డాక్టరుకి పడ్డాడు అని వినిపించింది. దాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే ‘సెల్ఫ్ ఫాల్’ అయింది. డాక్టరు అబద్ధం రాయలేదు. ఆటో అబ్బాయి అబద్ధం చెప్పలేదు. మధ్యలో ఒక ‘ఉ’ రాలిపోయింది. దాని ఖరీదు 2 లక్షలు.

వాంగ్మూలం ఇవ్వమంటే మొదట ఒప్పుకోలేదు. ‘కోర్టు చుట్టూ తిప్పుతారు, నాకు రోజు కూలి పోద్ది’ అన్నాడు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 134ఎ అని సెక్షను చేర్చారయ్యా, సాయం చేసినవాణ్ణి వేధించకూడదని చట్టమే ఉందని చెప్పాను. అతను నా మొహం వంక చూసిన చూపులో ఆ సెక్షను మీద నమ్మకం ఏమీ కనపడలేదు. చివరికి చట్టం పని చేయలేదు, వీఆర్వో పని చేశాడు. ‘ఆళ్లకి ఇద్దరు పిల్లలురా’ అన్నాడు. సంతకం పెట్టాడు. గడి దాటి పెద్ద అక్షరాలతో.

అన్నని కూడా అడిగాను, లారీ అని ఎలా చెప్పావయ్యా అని. ‘హైవే మీద ఆ టైములో లారీలు గాక ఇంకేం తిరుగుతయ్ మేడం’ అన్నాడు. నాకు తెలియదు, ఏదో బండి అని చెప్పి ఉంటే ఫైలు ఇన్నాళ్లు ఆగేది కాదు. తెలియంది తెలియదని చెప్పడం ఇంత కష్టమా అని అప్పుడు విసుక్కున్నాను. రాత్రి ఇంటికొచ్చాక, పెన్ను తీసినప్పుడు నాకేం తెలుసని తీశానో గుర్తొచ్చింది.

ఈ పనిలో విచిత్రం ఏమిటంటే, మామూలుగా విచారణ అంటే ఎవరు చేశారో తేల్చడం. ఇక్కడ ఎవరు చేశారో తెలియదని తేల్చాలి. బండి దొరికితే మా ఫైలు మూత. అప్పుడది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి పోతుంది, ఆ బండికి ఉన్న బీమా కట్టాలి. అక్కడి లెక్క వేరు. ముప్పై ఎనిమిదేళ్లవాడైతే ఏడాది సంపాదనలో అతని సొంత ఖర్చు తీసేసి పదిహేనుతో హెచ్చవేస్తారు. నెలకి పది వేలు సంపాదించే మనిషి, ఇంట్లో నలుగురు అతని మీద ఆధారపడి ఉంటే, సొంత ఖర్చు కింద పావు వంతు పోగా పదమూడున్నర లక్షలు. పైన భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద ఇంకొంత. మా దగ్గర 2 లక్షలు. ఈ రెండంకెల మధ్య ఉన్న ఖాళీలో కొందరు కాపురం చేస్తున్నారు. బీమా ఉన్న బండినీ, లొంగిపోవడానికి డ్రైవరునీ వాళ్లే చూస్తారు. ‘బండిని పెట్టడం’ అనేవాళ్లు మా దగ్గర. ఒక కేసులో నేను విచారణ సగం చేశాక కుటుంబం వచ్చి దరఖాస్తు వెనక్కి తీసుకుంటామంది. ఎందుకంటే సమాధానం లేదు. వాళ్లతో వచ్చిన తెల్లచొక్కా మనిషి ఫోన్లో మాట్లాడుతూ వరండాలోనే ఉండిపోయాడు. రెండు నెలల తర్వాత ఒక ఆటో ‘దొరికిందని’ తెలిసింది. ఏం జరిగిందో నేను కళ్లతో చూడలేదు కాబట్టి ఇంతకుమించి రాయను. కాకపోతే ఆ పదమూడు లక్షల్లో ఆ ఇంటికి చేరేది ఎంత, తెల్లచొక్కాకి చేరేది ఎంత అన్న ప్రశ్న నాకు ఉండిపోయింది.

ఇతరుల గురించి ఇంత చెప్పాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. రెండో దరఖాస్తు ఒక ముసలామెది. తాడేపల్లి వైపు రోడ్డు పక్కన ఆకుకూరలు అమ్ముకునేది. తెల్లవారుజామున ఏదో బండి గుద్ది పోతే చెయ్యి విరిగింది. ఎముక విరిగితే చట్టం ప్రకారం అది తీవ్ర గాయమే, 50 వేలు రావాలి. కేసులో చిక్కే లేదు. నేను మూడుసార్లు తిప్పాను. మొదటిసారి బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు పుట్టింటిది, ఆధార్‌లో అత్తింటిది. రెండోసారి ఆ ఖాతా కొడుకుతో జాయింటు. మూడోసారి కొత్త ఖాతా తెరిచి తెచ్చింది, పాసు పుస్తకం మొదటి పేజీ జిరాక్సు నల్లగా వచ్చింది, మళ్లీ తెమ్మన్నాను. నాలుగోసారి రాలేదు. నల్లగా వస్తే ఏం, నా ఫోనుతో ఫొటో తీస్తే అయిపోయేది. ఆ రోజు ఆ ఆలోచన రాలేదు. రాలేదా, రానివ్వలేదా అని అడగకండి. ఏడాది తర్వాత మనిషిని పంపి వాకబు చేయిస్తే విజయవాడలో కూతురి దగ్గర, సింగ్‌నగర్‌లో ఉంటోందన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఆ ఇళ్లలోకి వచ్చాయి. కాగితాలన్నీ పోయాయని కూతురు ఫోన్లో చెప్పింది. నకళ్లు నేను తీయిస్తాను, రండి అన్నాను. ‘అమ్మ ఇంక తిరగలేదండీ’ అంది. మర్యాదగానే అంది.

సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కొంత మారింది. నెల రోజుల్లో బండి వివరాలు తెలియకపోతే బాధితులకు ఈ పథకం గురించి స్టేషనువాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. ప్రమాద నివేదిక విచారణాధికారికి పంపాలి. అయినా దరఖాస్తు రాకపోతే మేము న్యాయసేవాధికార సంస్థకి తెలియజేయాలి, వాళ్లు వెళ్లి రాయించాలి. ఇది వచ్చాక మా ఆఫీసుకి తపాల్లో ఇలాంటివి కాస్త కనబడటం మొదలైంది. గుట్టలుగా ఏమీ కాదు. కానీ ఇదివరకు మేము ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లం, ఇప్పుడు అవతలివైపు నుంచి కాగితం నడిచి వస్తోంది.

చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అవసరం పడకూడదు గానీ పడితే, దరఖాస్తుకి లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు లేదా గాయాల సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు పుస్తకం. తర్వాత బండి దొరికి ట్రిబ్యునల్లో పరిహారం వస్తే ఈ డబ్బు అందులోంచి మినహాయిస్తారు, అందుకని భయపడి ఆగొద్దు. అన్నిటికంటే ముఖ్యం, క్యాజువాలిటీలో మీరు నిలబడి ఉంటే, డాక్టరు ఏం రాశారో ఒకసారి చదివి వినిపించమనండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

యార్డు ఆమె ఫైలు నా నివేదికతో పైకి వెళ్లింది. ఆసుపత్రి రాసినదాన్ని కాదంటావా అని పైఅధికారి అడిగారు. కాదనడం లేదండీ, విన్నది తప్పు విన్నారంటున్నాను అని ఆటో అబ్బాయి వాంగ్మూలం ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, ‘పడున్నాడు’ అని పైకి ఒకసారి అనుకుని సంతకం పెట్టారు. పథకం ప్రకారం విచారణకి నెల, కలెక్టరు మంజూరుకి పదిహేను రోజులు, డబ్బు పడటానికి పదిహేను రోజులు. వాళ్ల లెక్కలో రెండు నెలలు. మార్చిలో పోయిన మనిషికి డిసెంబరులో డబ్బు పడింది.

ఆ వారంలోనే ఆమె ఫోన్ చేసింది. థాంక్స్ చెప్పడానికి అనుకున్నాను.

‘డబ్బులు పడ్డాయమ్మా. బ్యాంకాయన చూసి చెప్పాడు.’

‘మంచిదమ్మా. జాగ్రత్తగా పిల్లల పేరున...’

‘అదట్టా ఉంచండి. సైకిలు ఎప్పుడిత్తారు?’

నాకు వెంటనే మాట రాలేదు. కేసులో ప్రాపర్టీ కదమ్మా, కోర్టులో అర్జీ పెట్టుకుంటే ఇస్తారు అన్నాను. పెద్దవాడికి తొమ్మిదో తరగతి, హైస్కూలు దూరం, రోజూ ఆటోకి ముప్పై అవుతోందంది. కొత్తది కొనుక్కోవచ్చుగా అందామనుకుని అనలేదు.

మర్నాడు ఆఫీసుకొచ్చింది. అర్జీ నేనే రాసి ఇచ్చాను. ‘నల్ల రంగు సైకిలు, వెనుక చక్రం వంగినది, క్యారేజీపై గోనె సంచి ఒకటి’ అని వివరం రాస్తుంటే, గోనె కూడా రాశారా అని అడిగింది. రాశానన్నాను. సందులో సైకిలు షాపు ఆయన్ని ముందే అడిగి పెట్టుకుందట. రిమ్ము, టైరు, క్యారేజీ కలిపి పదకొండు వందలు అన్నాడట, బెల్లు పర్లేదన్నాడట.